వెదకనీయని పెద్దలము

మన యిండ్లలో నేఁడు మిక్కిలి తఱచుగా వినఁబడు ఆక్షేపణ యొకటి కలదు. "పిల్లలు కంప్యూటరు ఆటలలోఁ బడి చెడిపోవుచున్నారు" అనునదే యది. తల్లులందురు, తండ్రులందురు, ఉపాధ్యాయులందురు. ఉపాధ్యాయులలో నొకరమగుటచే మేమును పలుమాఱు అంటిమి. అనుట సులభము. ఆ ఆట యేమి, అందు పిల్లవాఁడు చేయుచున్న పని యేమి, ఆ పనికి వానిలో ఏ గుణములు కావలసియున్నవి యని విచారించినవారు మాత్రము నూటికొక్కరైనను కానరారు. చదువని గ్రంథమును ఖండించుట పండితధర్మము కాదని మేము పాఠశాలలో నేర్చుకొంటిమి. చూడని యాటను ఖండించుటలో మాత్రము మాకు ఏ యధర్మమును దోఁచలేదు. ఆ తప్పు దిద్దుకొనుటకే యీ వ్యాసము.

మేము చెప్పఁబూనిన సంగతి యిది. మన బాలురు ఆడుట దోషము కాదు. మనము వారికిఁ జదువు నేర్పిన తీరుననే వారు ఆటను సైతము ఆడుచుండుట దోషము. తాము వెదకరు, తాము తడఁబడరు; ఎవరో ముందుగా వ్రాసిపెట్టిన జవాబును జూచి అడుగులు వేయుదురు. ఈ రోగము ఆటనుండి చదువునకు రాలేదు. చదువునుండి ఆటకుఁ బోయినది. అంటించినవారము మనము.

ఇది మాకుఁ దెలిసివచ్చిన విధమును ముందు మనవి చేసెదము.

మా చెల్లెలు తిరుపతిలోఁ గాపురమున్నది. ఆమె కుమారునకుఁ బదునెనిమిదేండ్లు. ఇంటర్మీడియెటు ముగించినాఁడు. వైద్యవిద్యా ప్రవేశపరీక్షలో మొదటిమాఱు సీటు రాకపోఁగా, రెండవమాఱు వ్రాయుటకై యొక శిక్షణాలయమునఁ జేరినాఁడు. గడచిన వేసవిలో మా బావమఱఁది ఫోనుచేసి, "వాడు రాత్రిళ్లు నిద్ర పోకుండా ఏందో ఆట ఆడతా ఉండాడు బావా. మీరొచ్చి నాలుగు మాటలు చెప్పల్ల" అని మొఱపెట్టుకొనెను. చిత్తూరునుండి చంద్రగిరి మీఁదుగా బస్సులోఁ బోవుచు మేము ఆ నాలుగు మాటలను నలువదిగాఁ బెంచి, రెండు సుభాషితములను జేర్చి, సిద్ధము చేసికొంటిమి.

మేము చేరునప్పటికి పిల్లవాఁడు శిక్షణాలయమునుండి యింకను రాలేదు. వాని బల్లమీఁద నొక నోటుపుస్తకము తెఱచియుండెను. జంతుశాస్త్రపు నోట్సు కాఁబోలునని చేతికిఁ దీసికొంటిమి. మొదటి పుటలో పెన్సిలుతో గీసిన పటమొకటి. ఒక చిత్తడినేల, ఒక గుడిసె, ఒక పాడుపడిన గుడి. క్రింద వరుసగా వ్రాఁత. "గుడిసెలో ముసలాయన సూది అడిగినాడు. ఎవరికో చెప్పలేదు." "ఎర్ర చిత్తట్లో సూది దొరికింది. విరిగి ఉంది." "తెచ్చి ఇచ్చినాక ఊరకున్నాడు. మళ్లీ ఒకసారి పోయి చూడాల." పుటలు త్రిప్పఁగా ఇట్టివి నలువదికిఁ బైగా నున్నవి. కొన్ని కొట్టివేయఁబడినవి, ప్రక్కన "ఇది తప్పు" అని వానిచేతనే వ్రాయఁబడినది. పండ్రెండేండ్లుగా మేము వాని చదువును గనిపెట్టుచున్నాము. వాని చేతివ్రాఁతలో వాని సొంతవాక్యమును మేము చదువుట అదే మొదలు. తెచ్చిన నలువది మాటలును అప్పుడే మా నోటనుండి జాఱిపోయినవి.

వాఁడు వచ్చెను. మేము కోపింతుమని యెంచి తలవంచుకొని నిలిచెను. "ఆ సూది కథ యేమో మాకు చూపుము" అంటిమి. నమ్మలేక మా ముఖము చూచెను. తరువాత రెండు గంటలు మేము వాని ప్రక్కఁ గూర్చుండి చూచితిమి.

ఆ యాట పేరు ఎల్డెన్ రింగ్. జపానుదేశపు ఫ్రమ్ సాఫ్ట్‌వేర్ సంస్థవారు హిదెతాకా మియజాకి దర్శకత్వమున నిర్మించి 2022 ఫిబ్రవరిలో విడుదల చేసిరి. అందలి లోకమునకుఁ బూర్వగాథను గల్పించుటలో అమెరికా నవలాకారుఁడు జార్జి ఆర్. ఆర్. మార్టిన్ పాలుగొనెను. 2024 నాఁటికి రెండున్నరకోట్ల ప్రతులకు మించి అమ్ముడుపోయినది. ఇట్టివానిని ఓపెన్ వరల్డ్ ఆటలందురు. అనఁగా ఆటగానిని ఒకే త్రోవలో నడిపింపక, కొండలు, కోటలు, అడవులు గల విశాలమైన దేశమున విడిచిపెట్టి, నీ యిచ్చవచ్చిన దిక్కునకుఁ బొమ్మని చెప్పునవి. ఆట ముగియుటకుఁ జేయవలసిన ప్రధానకార్యము వేఱుగా నుండును. దానితో సంబంధము లేని చిన్న కార్యములు దారిప్రక్కల నుండును. వీనిని పిల్లలు సైడ్ క్వెస్టులందురు, మనము ఉపకార్యములందము. అందును గొన్ని రహస్యములు. అవి యున్నవని సైతము ఎవరును జెప్పరు. పెక్కు ఆటలలో చేయవలసిన పనుల పట్టిక యొకటి యిత్తురు. ఈ యాటలో నది లేదు. విడుదలయైన మఱుసటినెలలో, కలిసినవారి గుఱుతులను మాత్రము పటముమీఁద నిలుపు సవరణ చేసిరి. ఎవరు ఏమనిరో గుర్తుంచుకొనవలసినవాఁడు ఆటగాఁడే. మా మేనల్లునకు నోటుపుస్తకము కావలసివచ్చుట అందుచేతనే.

వాఁడు ముగించిన యుపకార్యము మిలిసెంట్ అను యువతికి సంబంధించినది. కేలిడ్ అను ప్రాంతమున నేలను, చెట్లను, మనుష్యులను దినివేయు ఎఱ్ఱకుళ్లు వ్యాపించియుండును. గుడిసెలోని వృద్ధుఁడు ఒక బంగారుసూదిని దెచ్చిపెట్టుమనును. చిత్తడిలో కావలియున్న యొక సేనానిని గెలిచి తేవలెను. వృద్ధుఁడు దానిని అతికి యిచ్చి, పాడుపడిన గుడిలో కుళ్లుచే బాధపడుచున్న మిలిసెంటునకు ఇమ్మనును. ఆ సూది కుళ్లును అడ్డగించును. ఆమె లేచి తన పుట్టుక యెట్టిదో తెలిసికొనఁ బయలుదేఱును. ఆమెకుఁ గుడిచేయి లేదు. మఱియొక కోటలో దాఁగియున్న లోహపు చేతిని వెదకి తెచ్చి యీయవలెను. ఆమె యొకచోట నిలువదు. పీఠభూమిలో నొకమాఱు, గాలిమరల యూరిలో నొకమాఱు, మంచుకొండలలో నొకమాఱు కనఁబడును. తుదకు హేలిగ్ ట్రీ అను మహావృక్షమునొద్దఁ గనఁబడును. ఆ వృక్షమునకుఁ బోవు దారియే యొక రహస్యము. రెండు తునకలైన పతకము వేఱువేఱుచోట్ల నుండును. ఒక తునక, కుండ రూపము దాల్చి దాఁగియున్న యొక ముసలివానియొద్ద నుండును. కుండను కుండయని యనుకొని ప్రక్కనుండి పోయినవానికి అది దొరకదు. ఇదంతయుఁ జేయకున్నను ఆట ముగియును. ఎవరును తప్పు పట్టరు.

వృద్ధుఁడు సూదిని అడిగినది దయచేతఁ గాదనియు, వాని మనస్సులో వేఱొక యెత్తుగడ యున్నదనియు క్రమముగాఁ దెలియును. తుదిఘట్టమున నేలపై రెండు గుఱుతులు వెలుఁగుచుండును. ఒకటి బంగారువన్నెది, ఒకటి యెఱ్ఱనిది. మొదటిదానిని ముట్టినచో, మిలిసెంటుపైఁ బడిన నలుగురు అక్కచెల్లెండ్రతో ఆమెపక్షమునఁ బోరాడవలెను. రెండవదానిని ముట్టినచో, ఇంతకాలము కాపాడిన యామెతోనే పోరాడి చంపవలెను. రెండు దారులలోను ఒక్కొక్క తాయెత్తు లభించును. రెండు దారులలోను ఆమె బ్రదుకదు. పక్షమున నిలిచిన దారిలో, సూదిని దానే పెఱికివేసికొని, తాను కానిదానిగా మాఱుటకంటె తానుగానే నశించుట మేలని నిశ్చయించుకొని కన్నుమూయును.

"నీవు ఏ గుఱుతును ముట్టితివి?" అని యడిగితిమి. బంగారుదానిని ముట్టినానని చెప్పెను. "ఎట్లైనను ఆమె చచ్చిపోవునని నీకుఁ దెలుసునా?" అంటిమి. "తెలీదు మామా. తెలిసింటే గూడా అట్లే చేసింటా" అనెను. "ఇంత శ్రమపడి నీవు సంపాదించిన దేమి?" అంటిమి. కొంతసేపూరకుండి, "ఎవురూ చెప్పలేదు. నేనే కనుక్కుంటి" అనెను.

చదువరులారా! ఈ రెండు జవాబులను తూఁచి చూడుఁడు. అరణ్యపర్వము చివర యక్షుఁడు ధర్మరాజును బ్రశ్నలడుగు ఘట్టమును మనము పిల్లలకు బోధింతుము. పడియున్న తమ్ములలో నొక్కరిని బ్రదికించెదను, కోరుకొమ్మని యక్షుఁడనఁగా, ధర్మరాజు భీమార్జునులను విడిచి, మాద్రికిని ఒక కొడుకు మిగులవలెనని నకులుని గోరెను. రాఁబోవు యుద్ధమునకు నకులుఁడే యెక్కువ యుపకరించునని కాదు. లాభము చూచి కోరలేదు గనుకనే యది ధర్మమైనది. ఈ పాఠముపై మేము ఇరువదేండ్లుగా ప్రశ్నలు వేయుచున్నాము, అయిదేసి మార్కులు వేయుచున్నాము. దానిని ఆచరించిన పిల్లవాని నొకనిని జూడవలెనన్న, మాకు మా బావమఱఁది "ఏందో ఆట" అని నిందించిన దానియొద్దకుఁ బోవలసివచ్చినది.

ఇంక రెండవ చిత్రమును జూడుఁడు. ఎదురింటి బాలుఁడును మా మేనల్లుని యీడువాఁడే. వాఁడును అదే యుపకార్యమును ముగించెను. ఒక్క సాయంకాలమున ముగించెను. ఎట్లనఁగా, కంప్యూటరులో ఆటను, చేతిఫోనులో యూట్యూబు వీడియోను బెట్టుకొని, "ఇచ్చట కుడివైపునకుఁ దిరుగుము, ఈ కుండను గొట్టుము, ఈ గుఱుతును ముట్టుము" అని వీడియో చెప్పినట్లెల్లఁ జేసెను. మా మేనల్లునకుఁ బదునేడు రాత్రులు పట్టినది. ఎదురింటి తల్లిదండ్రులు తమ కొడుకు తెలివిగలవాఁడనియు, ఆటనైనను త్వరగా ముగించి చదువునకుఁ గూర్చుండుననియు మురియుచుండిరి. వీఁడు మందమతియఁట! మిలిసెంట్ ఎవరని ఎదురింటి బాలుని మేమడిగితిమి. "ఆ తాయెత్తు ఇచ్చే ఆవిడ" అనెను. వానికిఁ దెలిసిన దంతయు నదే. వాని తప్పు లేదు. వాఁడు బడిలో మనము నేర్పిన విద్యనే ఆటలోఁ బ్రయోగించెను.

ఆ విద్య యెట్టిదో చెప్పుట మాకు సిగ్గుచేటు, అయినను జెప్పవలెను. పుస్తకాల యంగడికిఁ బోయి చూడుఁడు. పాఠ్యపుస్తకము ఒకటి యున్నచోట గైడులు నాలుగు, బిట్టుపేపర్లు ఆఱు, మాదిరి ప్రశ్నపత్రములు పది. లెక్కకు జవాబు, వ్యాసమునకు జవాబు, పద్యమునకు భావము, తుదకు "నీ మాటలలో వ్రాయుము" అను ప్రశ్నకును ముద్రించిన మాటలు! పిల్లవాఁడు పాఠములోఁ దిరుగకుండ, తప్పిపోకుండ, తిన్నగా మార్కులున్నచోటికిఁ జేరవలెను. ఇది విద్యకు వాక్‌త్రూ కాక మఱేమి? పదియేండ్లు చదువులో నీ వ్రేలుపట్టు నడక నేర్పి, పదునొకండవయేఁట ఆటలో వాఁడు దారి తానే వెదకుకొనవలె ననుట యే న్యాయము?

పరులను నిందించి మేము తప్పించుకొనఁబోము. అయిదేండ్ల క్రిందట ఒక ప్రచురణకర్త పదవతరగతి తెలుఁగునకు గైడు వ్రాసి యిమ్మని మమ్మడిగెను. వ్రాసితిమి. అట్టమీఁద మా పేరు వేయవలదని మేమే కోరితిమి. వచ్చిన సొమ్ముతో ఇంటి పైకప్పు బాగుచేయించుకొంటిమి. అందు ఒక ప్రశ్న యుండెను: "ఈ పాఠముపై నీ యభిప్రాయమేమి?" దానికి మేము ఏడు వాక్యముల యభిప్రాయమును వ్రాసితిమి. మఱుసటియేఁడు మా తరగతిలోనే ముప్పదియెనిమిది జవాబుపత్రములలో ఆ యేడు వాక్యములును అక్షరము తప్పక కనఁబడినవి. మేము వానికి నిండుమార్కులు వేసితిమి. తిరుపతిలో మా మేనల్లుఁడును ఆ గైడునే బట్టీపట్టినాఁడని యీ వేసవిలోఁ దెలిసినది. వాని యభిప్రాయమును వానికి బదులుగా మేము వ్రాసి, అమ్మి, కప్పు వేయించుకొంటిమి. వాని సొంతవాక్యమును జదువుటకుఁ బండ్రెండేండ్లు పట్టిన దేమి యని ఆశ్చర్యపడుటకు మా కేమి యర్హత కలదు?

పేరు దాఁచుకొనుటయనఁగా మాకు మఱియొక కథ జ్ఞాపకమునకు వచ్చుచున్నది. ఆటలలో రహస్యములు దాఁచు నాచారము ప్రసిద్ధికి వచ్చినది అమెరికాలోని అటారీ సంస్థ 1980లో వెలువరించిన అడ్వెంచర్ అను ఆటతో. దానిని రచించినవాఁడు వారెన్ రాబినెట్. ఆ సంస్థవారు ఆటలమీఁద రచయితల పేర్లు వేయువారు కారు. అతఁడు ఎవరికిఁ జెప్పకుండ ఆటలో నొక రహస్యపు గది కట్టి, అందుఁ దన పేరు వ్రాసికొనెను. ఆ గదికిఁ బోవలెనన్న, నేలరంగులోఁ గలిసిపోయిన యొక్క చుక్కను గనిపెట్టి మోసికొనిపోవలెను. అతఁడు కొలువు విడిచిన పిమ్మట ఒక బాలుఁడు ఆ గదిని గనిపెట్టి సంస్థకు ఉత్తరము వ్రాయఁగా రహస్యము బయలుపడినది. ఒక పనివాని యభిమానమునుండి పుట్టిన గది యది. అతఁడు తన పనికి వెలకట్టుకొని, వెదకినవానికి దొరకునట్లు పేరును దాఁచెను. మేము ఎవరికిని దొరకకుండునట్లు దాఁచితిమి. ఎవరి పని ఎట్టిదో చదువరులే నిర్ణయింతురు గాక.

ఇంకఁ బూర్వపక్షములకు సమాధానము చెప్పెదము.

"ఆట వ్యసనము కాదా?" యని మొదటి ప్రశ్న. కావచ్చును. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో అంగీకరింపఁబడి 2022 జనవరినుండి అమలునకు వచ్చిన తన రోగపట్టికలో ఆటల వ్యసనమును జేర్చినది. అయితే దాని లక్షణములను జదువుఁడు. ఆటపైఁ దన యదుపు తప్పుట; తక్కిన పనులన్నిటికంటె ఆటయే ముఖ్యమగుట; కీడు కలుగుచున్నను మానలేకుండుట; ఇవి బ్రదుకును జెఱుపునంతగా, సాధారణముగా పండ్రెండునెలలపాటు నిలిచియుండుట. సెలవుదినములలో గంట యెక్కువ యాడినవాని నెల్ల రోగియనుటకు ఆ పట్టిక ఆధారము కాదు. పదునేడు రాత్రులు మేలుకొనుట మంచిదని మేము ననము. ఆ సంగతి మా మేనల్లునకును జెప్పితిమి. పగలు ఆడుటకు మీరు చోటిచ్చినారా యని వాఁడు అడుగలేదు. అడిగినచో మాయొద్ద జవాబు లేదు.

"పందెములు కాసి కొంపలు కూలుచున్నవి గదా" యని రెండవ ప్రశ్న. నిజము. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆన్‌లైను జూదమును నిషేధించినది. 2025 ఆగస్టులో పార్లమెంటు సొమ్ముపెట్టి యాడు ఆన్‌లైను ఆటలను దేశమంతట నిషేధించుచుఁ జట్టము చేసినది. మేము రెంటిని నిండుమనస్సుతో సమర్థించుచున్నాము. కాని పేకాటను నిషేధించువాఁడు చదరంగమును గూడఁ దగులఁబెట్టునా? సొమ్ము గుంజుకొను ఆట వేఱు; కథలో దిరుగనిచ్చు ఆట వేఱు. రెంటికి ఒకటే పేరుండుటచేత రెంటిని ఒకే గాటఁ గట్టుట సోమరితనము.

"ఇవి పరదేశపుఁ గల్పనలు, మన పిల్లలకేల?" యని మూఁడవ ప్రశ్న. కథలోఁ గథను దాఁచుట మనకుఁ బరదేశవిద్య కాదు. సోమదేవుని కథాసరిత్సాగరము కథలోఁ గథగానే నడచును. పింగళి సూరన కళాపూర్ణోదయమున మొదట నర్థము కాక విడిచిపెట్టిన చిన్న సంగతికిఁ జివరదాఁక వేచియున్నఁగాని సమాధానము దొరకదు. మధిర సుబ్బన్నదీక్షితులు కాశీమజిలీకథలలో ప్రతి మజిలీయందును ఒక వింతను బెట్టి, దాని కారణము నడుగు కుఱ్ఱవానికిఁ గథ చెప్పించెను. ఆ కుఱ్ఱవాఁడు వింతను జూచి అడుగకున్నచో గ్రంథమే లేదు! నవలలు స్త్రీలను జెఱుపునని మన తాతలనిరి, నాటకములు బాలురను జెఱుపునని మన తండ్రులనిరి. మా చిత్తూరిలో రామవిలాససభ నాటకములాడిన నాగయ్యగారు పిదప వెండితెరపైఁ బోతనగాఁ గనఁబడినపుడు, కుటుంబములు కుటుంబములుగాఁ బోయి చేతులు జోడించితిమి. ప్రతితరము తాను ఎఱుఁగని వినోదమును దూషించుట, ఎఱిఁగిన పిదపఁ బూజించుట మన యాచారము.

"పరీక్ష పోయినచో ఈ ఉపకార్యములు అన్నము పెట్టునా?" యని నాల్గవ ప్రశ్న. ఇదియే అసలైన ప్రశ్న. తక్కినవి దీనికి వేసిన ముసుఁగులు. పెట్టవు. మా మేనల్లుఁడు ఈయేఁడును సీటు రాకపోయినచో మిలిసెంట్ వచ్చి వానిని ఆదుకొనదు. దీనిని మేము దాఁచము. అయినను మా తిరుపతివారికే యొక సంగతి జ్ఞాపకము చేసెదము. తిరుమల గుడిలో హుండీ యెదుటనే సంకీర్తనభాండారమను చిన్నగది యున్నది. తాళ్లపాక అన్నమాచార్యుల కీర్తనలు చెక్కిన రాగిఱేకులు అందు భద్రపఱుపఁబడి, కాలక్రమమున లోకము వానిని మఱచినది. లెక్కలేని యాత్రికులు ప్రక్కనుండి నడచిపోయిరి, కానుకలు వేసిరి, ప్రసాదము గొనిరి. వారికి ప్రధానకార్యము దర్శనము, అది ముగిసినది. ఇరువదవ శతాబ్దమున సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు, వేటూరి ప్రభాకరశాస్త్రిగారు, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు మొదలగువారు ఆ ఱేకుల పనిలో దిగి, చదివి, పరిష్కరించి, రాగము గూర్చి, పండ్రెండువేలకుఁ బైగా కీర్తనలు మన చేతికి వచ్చునట్లు చేసిరి. నేఁడు ప్రతి యింట వినఁబడు పాటలవి. ఏ గైడులో నున్న ప్రశ్నకు అది జవాబు? ఏ ప్రవేశపరీక్ష వారిని ఆ గదివైపునకుఁ బంపినది?

కొండమీఁదనే మఱియొక దృష్టాంతము. పాపవినాశనమును దాఁటి అడవిలో కాలినడకను పోయినచో తుంబురుతీర్థము. ఫాల్గుణపౌర్ణమినాఁడు అచ్చట ముక్కోటి. పోయినవానికి దర్శనపు వరుసలో ముందుచోటు దొరకదు. అయినను యేఁటేఁట జనులు ఎండలో రాళ్లెక్కి పోవుదురు. మా తండ్రిగారు మమ్ములను బాల్యమున నచ్చటికిఁ దీసికొనిపోయిరి. దీనివలన ఏమి ప్రయోజనమని మేమడుగలేదు, వారు చెప్పలేదు. ఆ తండ్రికి మనుమఁడైన బాలునకు, "నీ పాఠ్యప్రణాళికలో లేనిదానిని వెదకుట దొంగతనము" అని చెప్పుటకు మేము బస్సెక్కి పోయితిమి.

కాఁబట్టి గృహస్థులకు మేము చేయు విన్నపములు మూఁడు.

ఒకటి: మీ పిల్లవాఁడు ఆడు ఆటను ఒక్క ఆదివారము వాని ప్రక్కఁ గూర్చుండి చూడుఁడు. సొమ్ము కోరు ఆటయైనచో వెంటనే మాన్పుఁడు. వయస్సునకుఁ దగినది కానిచో ఆపుఁడు. తక్కినదానికి వేళ యేర్పఱుపుఁడు. రాత్రి దొంగచాటుగాఁ గాక పగలు బాహాటముగా నాడనిండు.

రెండు: వీడియో చూడకుండ ఆడుమని చెప్పుఁడు. చిక్కుపడినచో చిక్కుపడనిండు. ఎంత త్వరగా ముగించితివని యడుగక, ఎచ్చట తప్పిపోతివని యడుగుఁడు. ఆడపిల్లలకును ఇదే చెప్పుఁడు. వారికి ఆటయందు తప్పిపోవుటకు సైతము మన యిండ్లలో సెలవు లేదు.

మూఁడు: మొదటి రెండును జేయుటకు ముందు మీ యింటిలోని గైడులను బయటఁ బెట్టుఁడు. ఇది చేయనివారికి ఆటలను నిందించు నధికారము లేదు. మా సహోపాధ్యాయులు ఈ మాటకు మమ్ము దూషింతురని యెఱుఁగుదుము. మార్కులు తగ్గును, తల్లిదండ్రులు తగవునకు వత్తురు, ప్రధానోపాధ్యాయుఁడు సంజాయిషీ యడుగును. తగ్గిన మార్కులు పిల్లలవి, దూషణలు మావి; రెంటిలో మొదటిది బరువైనదని మే మెఱుఁగక కాదు. కాని "నీ యభిప్రాయమేమి?" యని యడిగినపుడు ముప్పదియెనిమిదిమంది పిల్లలు మా యభిప్రాయమును మాకే తిరిగి యిచ్చుటను జూచిన కన్నులతో మఱియొక గైడు వ్రాయలేము.

కథలో మిగిలినది చెప్పి ముగించెదము. మేము తిరుపతిలో నున్న ఆ రాత్రియే మా బావమఱఁది కంప్యూటరును అమ్మివేయ నిశ్చయించుకొనెను. వాదించితిమి, వినలేదు. తుదకు దానిని మాయింట నుంచుటకు ఒప్పించి చిత్తూరికిఁ దెచ్చితిమి. మా పుస్తకాల బీరువాలో, మేము వ్రాసిన గైడు ప్రతి యుండినచోట, అది యున్నది. పరీక్ష ముగిసిన దినమున దానిని వానికిత్తుమని మా బావమఱఁది యెదుటనే మాట యిచ్చితిమి. ఫలిత మెట్లున్నను ఇత్తుమని గూడఁ జెప్పితిమి. ఆ రెండవ మాటకు ఆయన మాతో ఇంకను సరిగా మాటలాడుట లేదు. నోటుపుస్తకమును మాత్రము పిల్లవాఁడు మాకీయలేదు. ఇంకను వెదకవలసినది కలదఁట.